ఒడ్డుకు కొట్టుకొచ్చిన రాజు

చెన్నూరులో మిషన్ వాళ్ల ఆడపిల్లల హాస్టల్లో నేను చాలా ఏళ్లు వంట చేశాను. వంటింటి వెనక, జామచెట్టు దాటాక ఒక చిన్న గది ఉండేది. పని విరమించిన ముసలి ఫాదర్ ఒకరు అందులో ఉండేవారు. ఆయనది కేరళ. పడుచు వయసులో ఈ వైపు వచ్చి, ఇక్కడే ముసలివారైపోయారు. మాట్లాడేది మా మాటే, కాని అది ఆయన ముక్కులో ఒకసారి తిరిగి బయటికి వచ్చేది. హాస్టల్ పిల్లలు ఆయనలా మాట్లాడి నవ్వుకునేవాళ్లు. వినబడినా ఏమీ అనేవారు కాదు. చక్కెర రోగం కళ్ల మీదికి వచ్చింది. మనిషి ఎదురుగా నిలబడితే నీడ తెలిసేది, మొహం తెలిసేది కాదు.

మధ్యాహ్నం ఆయనకు గంజి పట్టుకుపోవడం నా పని. ఒకరోజు వెళ్లేసరికి పాత కాగితాల కట్ట ఒకటి మొహానికి ఆనించుకుని కూర్చున్నారు.

"ఫాదర్, కాయితం తలకిందులు పట్టుకున్నరు."

"నీకెట్ల తెలిసిందమ్మా?"

"అక్షరాలు తలకిందులున్నయ్ గద."

"నీకు ఇంగ్లిష్ వచ్చా?"

"అక్షరాలొస్తయ్. మాటలు రావు."

అది నిజమే. నలభై దాటాక నేను అక్షరాలు దిద్దాను. అంతకుముందు వేలిముద్రే. నా భర్త మస్కట్‌లో కనబడకుండా పోయినప్పుడు, జిల్లా ఆఫీసు ఆదిలాబాద్‌లో ఉండేది. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం దాటాక చేరేదాన్ని. పాస్‌పోర్ట్ నకలు కాగితం చేతిలో పట్టుకుని కిటికీ ముందు నిలబడితే, "ముందు ఎవరితోనన్నా రాయించుకొని రా పో" అనేవాళ్లు. బయట చెట్టు కింద కూర్చున్న మనిషి రాసేవాడు. ఏం రాశాడో నాకు తెలిసేది కాదు. నా మొగుడి గురించి నా తరఫున ఏం రాశారో నాకే తెలియకపోవడం ముల్లులా గుచ్చుకుని, హాస్టల్లో పనికి కుదిరాక అక్కడి సిస్టర్‌ను అడిగి తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. ఇంగ్లిష్ అక్షరాలు నూనె డబ్బాల మీద, బియ్యం బస్తాల మీద నేర్చుకున్నాను. నేర్చుకునే సమయానికి రాయవలసిన అర్జీలన్నీ పరాయి చేతులతో రాయించుకోవడం అయిపోయింది. రాయడానికి ఇంకేమీ మిగల్లేదు.

"ఇది ఇంగ్లిష్ కాదు. లాటిన్" అన్నారు ఫాదర్. "ఎట్ల రాస్తే గట్లనే చదువుడు. మన తెలుగు లెక్క. జర చదువు చూద్దాం."

ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. అర్థం ఏమీ తెలియదు. ఆయన కళ్లు మూసుకుని వింటున్నారు. గంజి చల్లారిపోయింది. నేను ఆగినప్పుడల్లా "ఊఁ" అంటున్నారు, పాత పాట వింటున్నవాళ్లలా. అట్లా కొన్నాళ్లు గడిచాక, ఏమీ తెలియకుండా చదవడం నాకు మళ్లీ ఆ ఆదిలాబాద్ కిటికీ లాగే అనిపించింది.

"ఇందుల ఏం రాసున్నదో చెప్పుండ్రి ఫాదర్. లేకపోతే నేను చదువ."

ఆయన నవ్వారు. ఒకప్పుడు సెమినరీలో చిన్న తరగతులకు పాఠం చెప్పిన రోజుల్లో, పిల్లల కోసం తేలిక మాటల్లో తాను రాసుకున్న కథ అది అన్నారు. సముద్రం మీద పోయిన ఒక రాజు, ఒడ్డున ఆగిపోయిన రాణి. చాలా పాతకాలపు కథ. "బతుకంత ఈడనే గడిచింది. గీ కథ ఈడి మాటల్లో ఎన్నడు వినలే. నువ్వు చదువు, నేను చెప్త, నువ్వు రాయి" అన్నారు.

మొదటిరోజు మూడు మాటలు నేర్పారు. ఇస్, ఎయ, ఇద్. ఆయన, ఆమె, అది.

"వాడు అనాలంటే?" అన్నాను.

"గదే. ఇస్."

"మరి దొరను అనాలంటే?"

"గదే."

"దొరకు, జీతగానికి ఒక్కటే మాటనా? దొరకు కోపం రాదా?"

"వచ్చే ఉంటది. గా దొరలు పోయిండ్రు. మాటలు మిగిలినయ్."

ఎయ అనే మాట మీద మాత్రం నేను చాలాసేపు ఆగాను. మా ఇంట్లో నేను అందరికీ 'అది'. మా అత్తమ్మ ప్రేమగా అన్నా 'అది వండింది' అనేది, కోపంగా అన్నా 'దానికి తెలివి లేదు' అనేది. పాడి బర్రెకూ అదే మాట, తలుపుకూ అదే మాట. అందులో తప్పుందని నాకెప్పుడూ తోచలేదు. మా దగ్గర ఆడమనిషిని అట్లాగే అంటారు. కాని ఎక్కడో ఎప్పుడో కొందరు మనుషులు, ఆడదానికి ఒక మాట, వస్తువుకు ఇంకో మాట పక్కన పెట్టుకున్నారని తెలిసి, సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని 'ఎయ, ఎయ' అని నాలో నేను అనుకున్నాను. పప్పు అడుగంటింది.

'ఆయన' అనే మాటకు నాకు పాఠం అక్కర్లేదు. పెళ్లయిన నాటి నుంచి నా నోట ఆ మాటే తప్ప పేరు వచ్చింది లేదు. మా వైపు పెళ్లాం మొగుడి పేరు ఎత్తదు. పెద్దవాళ్ల ముందు ఇద్దరూ ఎదురెదురుగా మాట్లాడుకోవడం కూడా ఉండదు. ఆయన మస్కట్ వెళ్లిన కొత్తలో ఉత్తరాలు లేవు, ఇద్దరికీ చదువు లేదు. మాటలు క్యాసెట్‌లో నింపి, ఊరికి వచ్చేవాళ్ల చేతికి ఇచ్చేవాడు. పక్కింటి టేప్ రికార్డర్‌లో పెట్టి మా అత్తమ్మా నేనూ వినేవాళ్లం. "అవ్వా, పానం మంచిగున్నదా, కాళ్ల నొప్పులు తక్కువైనయా" అని అంతా తల్లితోనే. చివర్లో గొంతు కాస్త తగ్గించి, "అవ్వా, దాన్ని ఫికర్ చెయ్యొద్దని చెప్పు" అనేవాడు. అంతే. ఆ ఒక్క మాట నాది. ఆయన తల్లి నా వైపు తిరిగి, నేను వినలేదన్నట్టు, "ఫికర్ చెయ్యొద్దంటుండే" అని మళ్లీ చెప్పేది. నేను తల ఊపేదాన్ని.

రెండేళ్లకని పోయినవాడు రెండేళ్లకు రాలేదు. తర్వాత క్యాసెట్లు ఆగిపోయాయి. జీతం సరిగ్గా ఇవ్వడం లేదని కంపెనీ వదిలి ఎక్కడికో పోయాడని ఊరివాళ్లు కొందరు వచ్చి చెప్పారు. అట్లా కంపెనీ వదిలి దొంగచాటుగా పని చేసుకునేవాళ్లను ఖల్లివెల్లి అయ్యాడంటారు మా వైపు. వాళ్లకు కాగితాలుండవు. బతికినా లెక్కలో ఉండరు, చచ్చినా లెక్కలో ఉండరు. ఇంకొకతెను చేసుకున్నాడని ఒకరన్నారు. ఎండదెబ్బకు ఎడారిలో పడిపోయాడని ఒకరన్నారు. చూశామన్నవాళ్లు ఎవరూ లేరు. మాకు పిల్లల్లేరు. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లం మిగిలాం. పన్నెండేళ్లు నిండినప్పుడు కులపెద్దలు వచ్చి, ఇంక ఆశ వదులుకుని కర్మ చేయమన్నారు. అత్తమ్మ వాళ్లను వాకిట్లో నుంచే పంపేసింది. "నా కొడుకును నేను చంపుకోవాల్నా?" అంది. ఆ రోజు ఆమె మీద నాకు వచ్చినంత ప్రేమ కన్నతల్లి మీద కూడా రాలేదు.

హాస్టల్ పని అయ్యాక ఆటో ఎక్కి ఊరికి చేరేదాన్ని. ఊరు గోదావరికి దగ్గర. అత్తమ్మ గడపలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తుండేది. చూపు తగ్గినా వేళ్లతో తడిమి తీసేది. ఆ రోజు ఫాదర్ దగ్గర రాసిన ముక్క ఆమెకు చెప్పేదాన్ని. ఆ దేశపు పేర్లు నా నోరు తిరగవు. అందుకని ఆయన, ఆమె అనే చెప్పేదాన్ని.

"సముద్రం మీదికి ఎందుకు పోయిండే? రాజుకు గంజికి లేకనా?" అంది మొదటిరోజే.

"ఏదో పరేషాన్లున్నడట. దూరంగ ఒక దేవునికాడ అడిగేటిది ఉండె."

"ఆడికెల్లి ఈడిదాంక దేవుళ్లే లేరా? ఆమె వద్దనలేదా?"

"వద్దన్నది. పోతే పోయినవు గని నన్ను సుత తీస్కపో అన్నది."

"తీస్కపోయిండా?"

"లే."

"మొగోళ్లంత గంతే." గింజ ఒకటి పళ్లెంలో టంగున పడింది. "ఎన్నొద్దులకు వస్తనన్నడు?"

"రెండు నెలలకు."

అత్తమ్మ వేళ్లు ఆగాయి. "మనోడు రెండేండ్లన్నడు" అని, మళ్లీ గింజలు తీయడం మొదలుపెట్టింది.

ఇంకోరోజు ఫాదర్ 'తన' గురించి చెప్పారు. ఆమె తన భర్తను తలుచుకుంది అన్నప్పుడు లాటిన్లో ఒక మాట. ఆమె వేరొకామె భర్తను తలుచుకుంది అంటే ఇంకో మాట. "మనకు సుత ఉన్నది గద ఫాదర్, తన అని" అన్నాను. ఆయన సంబరపడిపోయారు. "ఇంగ్లిష్‌ల లేదు. లాటిన్‌ల ఉన్నది, నీ తెలుగుల ఉన్నది" అన్నారు. నేను ఆ వాక్యం రాస్తూ 'తన'ను కాస్త పెద్దగా రాశాను. ఇంకొకతెను చేసుకున్నాడన్న మాట చెవిలో ఎప్పుడూ ఉండేది.

తుపానులో రాజు మునిగిపోయే పేజీకి చాలా రోజులు పట్టింది. మాటలు కష్టమై కాదు. ఆ రోజుల్లో ఇంటికి వచ్చి, "ఇయ్యాల ఫాదర్‌కు పానం బాగలేదు, రాయలే" అని అబద్ధం చెప్పేదాన్ని. చివరికి ఒక సాయంత్రం చెప్పేశాను.

"పోయిండా?" అంది అత్తమ్మ.

"పోయిండు."

"ఆమెకు ఎరికయిందా?"

"ఎరిక లేదు. ఆయనకని కొత్త బట్ట నేస్తున్నది. దినాం గుడికి పోయి, ఆయన పైలంగ రావాలె అని మొక్కుతున్నది."

అత్తమ్మ గింజలు తీసిన చింతపండును ముద్ద చేసింది.

"పోయినోని కోసం మొక్కే మొక్కు గా దేవతకు పడ్తలేదు. ఇగ వినలేక కల పంపింది. కలల ఆయన వచ్చిండు. బట్టలకెల్లి, ఎంటికలకెల్లి నీళ్లు కారుతున్నయ్. నేను పోయిన, నాకోసం ఏడువు, ఏడ్వకుండ నన్ను పంపకు అన్నడు."

"దేవత అయి ఉండి నోటితోని చెప్పకపోయిందా?" అంది అత్తమ్మ. ఆ తర్వాత పళ్లెం పక్కకు జరిపి, లేచి లోపలికి పోయింది. ఆ రోజు తినలేదు.

వారం తిరిగిందో లేదో, ఒక పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే పిలిచింది. మంచం మీద కూర్చుని ఉంది. మొహం కడుక్కోలేదు.

"వచ్చిండే."

"ఎవలు?"

"ఎవలేంది! నా కొడుకు. తలుపుకాడ నిలబడ్డడు. ఒళ్లంత నీళ్లు కారుతున్నయ్. అవ్వా, ఆకలైతుందన్నడు."

చీపురు నా చేతిలోనే ఉంది. మస్కట్‌లో ఇసుక మధ్య రోడ్లు వేసిన మనిషి ఒంటి మీద నీళ్లెందుకు కారతాయి? ఆ నీళ్లు నా కథలోవి. నేను ఆటోలో మోసుకొచ్చి గడపలో పోసినవి.

"గది కథలది అత్తమ్మా. నేను చెప్పిన గదా, గదే మనసుల పడ్డది."

"కథల గా రాజు ఏడువుమన్నడు. నా కొడుకు ఆకలన్నడు" అంది. "గా మాట నువ్వు చెప్పినవా?"

చెప్పలేదు. ఆ మాట కథలో లేదు.

"ఇన్నేండ్లాయె, వానికి ఎవ్వలు ముద్ద పెట్టలే. ఉన్నడనుకుంట మనం తింటున్నం. నేను పోతే వానికి పెట్టేటోళ్లు ఎవలున్నరే? ఆకులతోనన్న మనిషిని చేసి కాల్పియ్యి. పిట్టకు పెట్టుకుంట."

శవం దొరకని మనిషికి మోదుగు ఆకులతో బొమ్మ చేసి దహనం చేస్తారు. గల్ఫ్‌లో పోయినవాళ్లకు మా చుట్టుపక్కల ఊళ్లలో అట్లా చేయడం నేను చూశాను. మూడోరోజు వాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, పిట్ట కోసం చూస్తారు. కాకి వచ్చి ముట్టితే పోయిన మనిషి తిన్నట్టు. నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోవడమంటే ఆయన చచ్చిపోయాడని నా నోటితో అనడమే. ఇంకో సంగతి కూడా నన్ను కాల్చింది. కథలో కల పెళ్లానికి వచ్చింది. మా ఇంట్లో తల్లికి వచ్చింది. ఇన్నేళ్లలో ఆయన నా కలలోకి ఒక్కసారైనా రాలేదు.

మేం మాట్లాడుకోవడం మానేశాం. ఒకే కుండలో అన్నం, వేరు వేరుగా తినడం.

ఆ రోజుల్లోనే ఫాదర్ దగ్గర ఒడ్డు పేజీ వచ్చింది. కల వచ్చిన తెల్లారి, రాణి సముద్రపు ఒడ్డుకు పోతుంది. ఓడ ఎక్కించిన చోటే నిలబడుతుంది. దూరంగా నీళ్ల మీద ఏదో కనబడుతుంది. కాస్త దగ్గరికి వస్తే మనిషి శవమని తెలుస్తుంది. ఎవరో పాపం, పెళ్లాం ఉంటే ఆమె ఇంకా పాపం అనుకుంటుంది. ఇంకా దగ్గరికి వస్తుంది. అప్పుడు గుర్తుపడుతుంది. నేను రాసింది ఫాదర్‌కు చదివి వినిపించాను.

"ఆగమ్మా. ఆయన కొట్టుకొస్తున్నడు అని రాసినవు. ఈడ ఇద్ అని ఉన్నది. అది కొట్టుకొస్తున్నది అని రాయాలె."

"వచ్చేది ఆయననే గద ఫాదర్."

"నీకు తెలుసు. ఆమెకు ఇంక తెల్వది."

"చదివెటోళ్లకు తెలుసు గద."

"చదివెటోళ్లు ఒడ్డు మీద లేరమ్మా. ఆమె ఒక్కతే ఉన్నది."

అయినా నేను దిద్దలేదు. పెన్ను కింద పెట్టి, ఇంట్లో సంగతంతా చెప్పాను. కల, నీళ్లు, ఆకలి, ఆకుల బొమ్మ. ఆయన గంజి గ్లాసు కోసం చెయ్యి చాచారు, నేను అందించాను.

"ఉన్నడంటవా?" అన్నారు.

"పోయిండని ఎవలకు తెలుసు ఫాదర్?"

"గీ కాయితాలు పెట్టెల్నే ఉంటె బాగుండె" అన్నారు. తర్వాత, "గా దేవత జాలితోని కల పంపిందా, విసుక్కుని పంపిందా, ఎన్నేండ్లు పాఠం చెప్పినా నాకు తెల్వలే. పిల్లలు అడుగుతే మాట మార్చెటోన్ని" అన్నారు.

అవును అనీ కాదు అనీ చెప్పలేదు. చెప్తారని వెళ్లిన నాకు కోపం వచ్చింది. గ్లాసు తీసుకుని వచ్చేశాను. ఆ నెలాఖరులో ఆయన్ను కేరళలో ముసలి ఫాదర్లుండే చోటికి పంపుతారని తెలిసింది. వెళ్లేరోజు కారెక్కే ముందు నా తల మీద చెయ్యి పెట్టబోయి, తెలియక భుజం మీద పెట్టారు. "ఆఖరి పేజీ నీ దగ్గరనే ఉండనియ్యి" అన్నారు. అది మేం చదవకుండానే మిగిలిపోయింది. చలికాలం రాకముందే పోయారని సిస్టర్ చెప్పింది. హాస్టల్ గుడిలో ఆయన కోసం ప్రార్థన చేశారు. శవపెట్టె లేదు, మట్టి లేదు, దండ వేసిన ఫొటో మాత్రం ఉంది. అయినా పిల్లలంతా ఏడ్చారు, ఆయనలా మాట్లాడి నవ్విన పిల్లలు. నేను వంటింటి తలుపు దగ్గర నిలబడి చూశాను. ఎదురుగా శవం లేకపోతే ఏడుపు రాదనుకునేదాన్ని అప్పటిదాకా.

అత్తమ్మ ఆ చలికాలంలో మంచం పట్టింది. కాస్త తేరుకున్నాక, ఒకరోజు ఆమె కాళ్లకు నూనె రాస్తుంటే, నా చెయ్యి పట్టుకుని గాజులు తడిమింది.

"ఇగో, ఇను. వానికి బువ్వ పెట్టుకుంట, గంతే. నీ గాజులు తియ్యనియ్య, మట్టెలు తియ్యనియ్య. ఒక్కదాన్ని సుత నీ చెయ్యి ముట్టనియ్య. నీకు వాడు ఉన్నడనుకో. నాకు పోయిండనుకోనియ్యి."

ఎన్నడూ లేనిది, ఆమె నన్ను బతిమాలింది. నేను సరేనన్నాను.

ఎండాకాలం చివర్లో చేశారు. కొడుకు స్థానంలో మా మామ తమ్ముడి కొడుకు, వరసకు నా మరిది, కూర్చున్నాడు. గోదావరి ఒడ్డున ఇసుకలో చాప పరిచి, అయ్యగారు మోదుగు ఆకులు పేర్పించారు. పైన గడ్డి, మొహానికి బియ్యప్పిండి.

"మనిషి ఎంత పొడుగుండె?" అని అడిగారు.

ఆయన మస్కట్ వెళ్లేనాటికి మరిది చిన్నవాడు, గుర్తులేదు. తల్లి చెయ్యి ఎత్తి చూపించింది. ఆ చెయ్యి పెళ్లికి ముందటి పిల్లవాడి ఎత్తు చూపుతోంది. అందరూ నా వైపు చూశారు. ఆయన పక్కన నిలబడితే ఆయన భుజం నా చెవి దగ్గరికి వచ్చేది. ఆ సంగతి అంతమందిలో ఎట్లా చెప్పను? చాప దగ్గరికి పోయి, "ఇంక జర" అన్నాను. ఆకులు జోడించారు. "ఇంక జర." ఇంకొన్ని జోడించారు. పెట్టెలో నుంచి నేనే తీసుకొచ్చిన ఆయన అంగీ కప్పారు. అది సరిపోయింది.

నిప్పు పెట్టినప్పుడు అందరూ ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. పచ్చి ఆకు ఉడికిన వాసన వచ్చింది, అంతే. ఒక ముసలామె గాజులు, గాజులు అంటూ నా చేతుల వైపు రాబోతే అత్తమ్మ కర్ర ఎత్తింది. "దాని జోలికి పోకు" అంది.

మూడోరోజు పిట్టకు పెట్టాం. ఆయనకు ఇష్టమని నేను చేపల పులుసు వండాను. అత్తమ్మ కళ్లు కనబడకపోయినా పొయ్యి ముందు కూర్చుని తన చేతులతో సర్వపిండి చేసింది. ఒక పక్క మాడింది. ఇసుకలో విస్తరి పెట్టి, అందరం దూరంగా జరిగి నిలబడ్డాం. ఎండ పెరుగుతోంది. అవతలి ఒడ్డున కాకులున్నాయి. మా వైపు ఒక్కటీ రాలేదు.

పిట్ట ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో బెంగ మిగిలిందంటారు. ఒక్కొక్కరు ముందుకు పోయి మాట ఇస్తారు. మరిది పోయి, "అన్నా, అవ్వను నేను చూసుకుంట, ఫికర్ చెయ్యకు" అన్నాడు. రాలేదు. ఆయన దోస్తు ఒకడు పోయి, "నీ ఇంటి దిక్కు చూస్త ఉంటరా" అన్నాడు. రాలేదు. జనం కొంగులు నెత్తిన కప్పుకున్నారు. పిల్లలు ఇంటికి పోదామంటున్నారు. నాకు మాత్రం లోపల ఏదో వెలిగింది. రావొద్దు, రావొద్దు అనుకుంటున్నాను. రాకపోతే ఆయన పోలేదు. ఎక్కడో ఉన్నాడు. అన్నం తింటున్నాడు. ఇన్నేళ్లలో అంత గట్టిగా ఎన్నడూ నమ్మలేదు.

"నువ్వు పోయి చెప్పు" అన్నారు ఎవరో నన్ను.

నేను కదల్లేదు. ఆయన తల్లి ముందు ఆయనతో నేను ఎన్నడూ మాట్లాడలేదు. ఏమని పిలవాలో తెలియదు.

అత్తమ్మ నా పక్కనే నిలబడి ఉంది. నా మణికట్టు పట్టుకుంది. గాజులు ఆమె వేళ్ల కింద నలుగుతున్నాయి. కన్నీళ్లు కారి కారి ఆమె రవిక తడిసిపోయింది. ఎదుటి తెల్లటి ఎండ తప్ప ఆమెకు ఏమీ కనబడదు.

"వచ్చిందానే?" అంది.

నేను అవతలి ఒడ్డు వైపు చూశాను.

"చెప్పవేందే? నా కొడుకు తినడా? నేను పోయేదాంక ఆకలితోనే ఉంటడా?"

దూరంగా నీళ్లు మెరుస్తున్నాయి. విస్తరి మీద ఈగలు వాలుతున్నాయి. ఒడ్డు మీద నేనొక్కదాన్నే ఉన్నట్టనిపించింది.

"వచ్చింది అత్తమ్మా" అన్నాను. "వచ్చిండు. తింటుండు."

ఆమె వేళ్లు వదులయ్యాయి. చుట్టూ ఉన్నవాళ్లు నన్ను చూశారు. మరిది నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. అయ్యగారు చెంబులో నీళ్లు చల్లి, "ఇంక నడువుండ్రి, వెనక్కి చూడొద్దు" అన్నారు. అందరం కదిలాం. వెనక్కి చూడకూడదు గనుక నేను చూడలేదు. ఆ తర్వాత ఏ పిట్ట అయినా వచ్చిందో లేదో నాకు తెలియదు.

ఇసుకలో అత్తమ్మను నడిపించుకుంటూ వస్తున్నాను. సగం దూరం వచ్చాక అడిగింది.

"ముందుగాల ఏం ముట్టిండే?"

"నువ్వు చేసిన సర్వపిండి."

"మాడింది గద."

"మాడిన దిక్కే తిన్నడు."

"వానికి గట్లనే ఇష్టముండె" అంది. కాసేపటికి, "నీ చేపల పులుసో?" అంది.

అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. మూడు రోజులుగా రానిది, ఇన్నేళ్లుగా రానిది. ఇసుకలో కూలబడిపోయాను. ఆమె పక్కనే కూర్చుని, నా తల తన ఒళ్లోకి లాక్కుంది. కొంగుతో నా మొహం మీద ఎండ పడకుండా పట్టుకుంది.

ఆ రోజు సాయంత్రం గాజులు నేనే తీసి గూట్లో పెట్టాను. అత్తమ్మ వినే ఉంటుంది, ఆ చప్పుడు.